దళారి పనుల్లో మీరు చేయగలిగింది ఏది?

మీ సరుకు ధర మీరు చెబుతున్నారా, ఎదుటివాళ్లు చెబితే వింటున్నారా? మదనపల్లె మార్కెట్‌లో టమాటా క్రేట్లు దింపిన రైతును అడిగినా, నాలుగు షాపుల్లో ఆవకాయ సీసాలు పెట్టి వచ్చిన ఇల్లాలిని అడిగినా జవాబు ఒకటే వస్తుంది: ‘వాళ్లు చెప్పిందే ధర.’ ఆ మాట పూర్తికాకముందే పక్కనుంచి ఒక సలహా కూడా వస్తుంది. దళారిని తప్పించండి, నేరుగా అమ్ముకోండి, బాగుపడతారు. వినడానికి బాగానే ఉంటుంది. ఆ మాట నమ్మి వ్యాను మాట్లాడుకుని పట్నం వెళ్లినవాళ్లు, చీకటి పడేసరికి మిగిలిన సరుకును అయినకాడికి వదిలించుకుని తిరిగిరావడమూ మామూలే. ఎక్కడ దెబ్బతిన్నారు? దళారి తప్పుకున్నాడు గానీ, అతను చేసే పని తప్పలేదు. దాన్ని ఎవరో ఒకరు చేయాలి. చేసేవాళ్లు లేకపోతే ఆ నష్టం సరుకు మీద పడుతుంది. కాబట్టి దళారి చేసే పనులను ముందు విడివిడిగా చూడండి. వాటిలో మీరు అతనికన్నా చవకగా చేయగలిగినవాటిని ఒక్కొక్కటిగా మీ చేతిలోకి తీసుకోండి. పని మీ చేతికి వస్తే దాని కూలీ మీదే. ఈ అధ్యాయమంతా ఈ ఒక్క సంగతి గురించే.

ఇది ఉత్త ఊరడింపు మాట కాదు. రిజర్వ్ బ్యాంకు 2024లో ప్రచురించిన పరిశోధన పత్రాల ప్రకారం, వినియోగదారుడు టమాటాకు ఖర్చుపెట్టే ప్రతి రూపాయిలో రైతుకు అందేది సుమారు 33 పైసలు. ఉల్లికి 36, బంగాళాదుంపకు 37. అదే వరసలో వచ్చిన మరో పత్రం పాల రైతుకు సుమారు 70 పైసలు, గుడ్ల ఉత్పత్తిదారుకు 75 పైసలు అందుతున్నాయని లెక్కగట్టింది. కూరగాయలు కుళ్లిపోతాయి, అందుకే రైతుకు తక్కువ మిగులుతుందని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతున్నారు. మరి పాల సంగతేమిటి? టమాటా నాలుగు రోజులు ఆగుతుంది, పాలు నాలుగు గంటలు కూడా ఆగవు. కుళ్లిపోవడమే కారణమైతే పాల రైతు అందరికన్నా ఎక్కువ నష్టపోవాలి. అలా జరగలేదంటే కారణం ఇంకెక్కడో ఉంది.

పాలకేంద్రంలో పొద్దున్నే ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. ఊళ్లోనే పాలు పోస్తారు. వెన్న శాతం అక్కడే, మీ కళ్లెదుటే కొలుస్తారు. చల్లబరిచే కేంద్రం దగ్గర్లోనే ఉంటుంది. బిల్లు ఏ రోజు వస్తుందో ముందే తెలుసు. ఆ పాలను రోజూ అమ్మిపెట్టే సంస్థ ఒకటి వెనక ఉంటుంది. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు సహకార సంఘం పెట్టుకుని మొదలుపెట్టింది ఇదే: సేకరణ, పరీక్ష, నిల్వ, అమ్మకం అనే పనులను ఒక్కొక్కటిగా వ్యాపారి చేతినుంచి తమ సంఘం చేతిలోకి తెచ్చుకున్నారు. గుడ్ల విషయంలో 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం, నెక్, రోజూ ఊరూరికీ ధర ప్రకటించడం మొదలుపెట్టింది. ఆ రోజు రేటు ఎంతో తెలుసుకునే పని ఉత్పత్తిదారుల చేతికి వచ్చింది. కోళ్ల పరిశ్రమలో పెద్ద రైతులు ఎక్కువ కాబట్టి ఆ 75 పైసల్లో వాళ్ల బలం కూడా కలిసి ఉందన్న మాట నిజమే. పాలు ఏడాది పొడవునా వస్తాయి, టమాటా ఒక్కసారిగా వచ్చి పడుతుంది, అదీ నిజమే. 2023 జులైలో కిలో 100 రూపాయలు దాటిన టమాటాయే వేరే ఏడాది పత్తికొండలో రోడ్డు పక్కన పారబోసే స్థితికి పడిపోయింది. అంతటి ఒడిదొడుకుల పంటలో అన్ని పనులూ ఒకేసారి మీద వేసుకోవాలని ఎవరూ అనరు. ఒక పనితో మొదలుపెట్టడానికి మాత్రం ఈ తేడాలేవీ అడ్డు కావు.

ఇంతకీ దళారి చేసే పనులేమిటి? పెట్టుబడికి అప్పిస్తాడు. సరుకు ఏరి, రకాలు చేస్తాడు. బండి మాట్లాడతాడు. కొనేవాళ్లు ఎక్కడున్నారో తెలిసి ఉంటాడు. మీకు అదే రోజు డబ్బిచ్చి, తాను కొన్నాళ్ల తర్వాత వసూలు చేసుకుంటాడు. అమ్ముడుపోనిదాన్ని భరిస్తాడు. ఈ ఆరింటికీ అతను డబ్బు తీసుకుంటాడు. కొన్నిటికి న్యాయంగానే తీసుకుంటాడు. కొన్నిటికి ఎంత తీసుకుంటున్నాడో మీకు తెలియదు గనుక, తరుగు పేరుతోనో కమీషన్ పేరుతోనో ఎక్కువే తీసుకుంటాడు. అతన్ని తిట్టుకోవడం వల్ల ఒక్క పైసా కూడా తగ్గదు. ఏ పనికి ఎంత పోతోందో లెక్క తెలిస్తే తగ్గించుకునే దారి కనిపిస్తుంది.

1. ‘చేతికొచ్చిన ధర’ లెక్క రాయండి

మార్కెట్‌లో పలికిన ధర మీ ధర కాదు. ఖర్చులన్నీ పోగా ఇంటికి తెచ్చుకున్న డబ్బును, చేనులో కోసిన మొత్తం కిలోలతో భాగిస్తే వచ్చేదే మీ ధర. ఒక ఊహా లెక్క చూద్దాం. వెయ్యి కిలోల టమాటా తీసుకెళ్లారు. కిలో 20 పలికింది. తరుగు కింద 40 కిలోలు తీసేస్తే 960 కిలోలకు 19,200 రూపాయలు. నూటికి 4 చొప్పున కమీషన్ 768. బండి కిరాయి 1,500. హమాలీ, కాటా 500. క్రేట్ల అద్దె 400. మీరు చేను వదిలి వెళ్లిన ఆ రోజు కూలీ 500. ఇక మిగిలింది 15,532. అంటే కిలోకు పదిహేనున్నర. అదే రోజు చేను గట్టుకే వచ్చి 16కు అడిగినవాణ్ణి, మార్కెట్‌లో 20 ఉందని మీరు వెనక్కి పంపి ఉండవచ్చు. ఈ లెక్కలో మీ రోజు కూలీని వదిలేయడం అందరూ చేసే పొరపాటు. ‘నా ఒళ్లే కదా’ అనుకుంటారు. ఆ రోజు మీ చేలో ఆగిపోయిన పనికి విలువ లేదా?

ఇప్పుడు అదే లెక్కను కొంచెం మార్చండి. పక్క చేల రైతులు ముగ్గురు మీతో కలిశారు. నాలుగు వేల కిలోలకు పెద్ద బండి 3,000కు దొరికింది, మీ వాటా 750. నలుగురి తరఫున ఒక్కరే వెళ్లారు, ఆ కూలీలో మీ వంతు 125. మిగతా ఖర్చులేవీ మారలేదు. చేతికి వచ్చింది 16,657. సంఘం పెట్టలేదు, అప్పు తీసుకోలేదు, ప్రభుత్వ పథకం కోసం ఎదురు చూడలేదు. రవాణా అనే ఒక్క పనిని నలుగురూ కలిసి చేశారు, అంతే. కిలోకు రూపాయికి పైగా కలిసొచ్చింది. ఏ పని మీద ఎంత మిగులుతుందో ఇలా కాగితం మీద పెడితేనే తెలుస్తుంది. నోటి లెక్కలో ఎప్పుడూ 20 రూపాయలే గుర్తుంటుంది, 15.53 గుర్తుండదు. మార్కెట్‌లో ఇచ్చే లెక్క చీటీలు, అంటే తక్‌పట్టీలు, చించేయకండి. ఒక సీజన్ తక్‌పట్టీలు ఒక దారానికి గుచ్చి ఉంచితే, రేపు ఏ బ్యాంకు మేనేజరు ముందైనా మీ వ్యాపారానికి అవే సాక్ష్యం.

2. ముందుగా తీసుకోవలసిన పని: ఏరడం, ఆరబెట్టడం

పెట్టుబడి అంతగా అక్కర్లేని పని ఇదే, అందుకే ఇక్కడ మొదలుపెట్టమంటాను. కలిపి పోసిన రాశికి కొనేవాడు అందులోని నాసి కాయను చూసి ధర కడతాడు, మేలు కాయను చూసి కాదు. గుంటూరు మిర్చి యార్డు సంగతి రైతులకు వేరే చెప్పక్కర్లేదు. నాలుగు తాలు కాయలు పైకి కనిపిస్తే బస్తా మొత్తం ధర దిగిపోతుంది. ఏరి, తాలు వేరే బస్తాకు ఎత్తితే దాని ధర దానికి వస్తుంది, మంచి కాయ ధర మంచి కాయకు నిలుస్తుంది. మట్టి మీద కాకుండా టార్పాలిన్ మీద ఆరబోసిన మిర్చికి ఇంకో లాభం ఉంది. తేమ మిగిలిన కాయలో పెరిగే బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరప్ దేశాలు మిరప వంటి మసాలా దినుసుల్లో దాన్ని కిలోకు 10 మైక్రోగ్రాములకు మించనివ్వవు. ఎగుమతిదారు మీ ఊరి సరుకును పక్కన పెట్టాడంటే చాలాసార్లు కారణం కాయ రంగు కాదు, కంటికి కనిపించని ఈ విషం. వేరుశనగలోనూ తేమ మిగిలితే ఇదే విషం పుడుతుంది. పసుపులో కొమ్ము వేరు, కాయ వేరు చేసి అమ్మడం దుగ్గిరాల, నిజామాబాద్ రైతులకు అలవాటైన పనే. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఏం జరుగుతుందో ప్రతి సీజన్‌లోనూ చూస్తూనే ఉన్నాం. ఊరి మొత్తానికి ఒక్క తేమ కొలిచే మీటరు ఉంటే చాలు, లారీ ఎత్తక ముందే ఆ గొడవ తేలిపోతుంది.

‘ఇంత కష్టపడి ఏరినా అతను అదే ధర ఇస్తాడు’ అని మీరు అనవచ్చు. ఒకే కొనేవాడికి అమ్మినంతకాలం ఆ మాట నిజం. ఏరిన సరుకు విలువ తెలియాలంటే పోటీ పడి అడిగేవాళ్లు ఇద్దరైనా ఉండాలి. 2016లో మొదలైన ఈ-నామ్ ఉద్దేశం అదే: గేటు దగ్గర మీ సరుకుకు ఒక లాట్ నంబరు ఇస్తారు, నాణ్యత పరీక్ష చేస్తారు, వ్యాపారులు ఆన్‌లైన్‌లో ఎవరి ధర వాళ్లు వేస్తారు. అన్ని యార్డుల్లోనూ ఇది ఒకేలా నడవడం లేదు. నడిచే చోట కూడా కలిపి పోసిన రాశికి అది పెద్దగా చేసేదేమీ లేదు, ఎందుకంటే సరుకును కంటితో చూడని వ్యాపారి నమ్మేది పరీక్ష కాగితాన్నే. అరకు లోయ గిరిజన రైతుల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో ఆ పేరుతో దుకాణమే ఉంది. ఆ పేరుకు పునాది, ఎర్రగా పండిన పండును మాత్రమే కోయాలన్న కట్టుబాటులో ఉంది. పచ్చి పండు, ముగ్గిన పండు కలిసిన బుట్టను ఏ పేరూ కాపాడలేదు.

3. విత్తనం కొనకముందు కొనేవాణ్ణి అడగండి

మనం సాధారణంగా పంట చేతికొచ్చాక కొనేవాడి కోసం వెతుకుతాం. అప్పుడు బేరం ఎవరిది? కోసిన కాయ చేతిలో పెట్టుకున్నవాడిది మాత్రం కాదు. అందుకే నాటడానికి ముందే ముగ్గురిని కలవండి: మీ మండల కేంద్రంలో ఒక హోటలు, ఒక హాస్టల్, ఒక పచ్చళ్ల తయారీదారు చాలు. ‘మా దగ్గర టమాటా ఉంది, కొంటారా?’ అని అడగకండి. ‘వారానికి మీకు ఎన్ని కిలోలు కావాలి? ఏ సైజు? ఏ రోజు, ఎన్ని గంటలకు? ఇప్పుడు తెచ్చేవాళ్లతో మీకు ఏం ఇబ్బంది?’ అని అడగండి. చివరి ప్రశ్న మరిచిపోకండి. ‘సరుకు బాగానే ఉంటుంది, టైముకు రాదు’ అని హోటలాయన అన్నాడనుకోండి, మీరు అమ్మవలసింది ఏమిటో ఆయనే చెప్పేశాడు. ధర రెండు రూపాయలు తగ్గించనక్కర్లేదు, పొద్దున ఆరింటికి దించితే చాలు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, పంటంతా ఒకరికే రాసివ్వడం. ఆయన చేయిచ్చిన రోజున మీకు యార్డు దారే మర్చిపోయినట్టవుతుంది. సగంలోపు మాటిచ్చి, మిగతాది పాత దారిలోనే పోనివ్వండి. రెండోది ఇంకా ప్రమాదం. హోటలుకు 22కు మాటిచ్చారు, వారం తిరిగేసరికి యార్డులో 40 పలికింది, మీరు సరుకంతా యార్డుకు తోలేశారు. ఆ వారం లాభమే. ధర 8కి పడిపోయినప్పుడు ఆ హోటలు మిమ్మల్ని ఎందుకు గుర్తుపెట్టుకోవాలి? ధర విపరీతంగా మారితే ఏం చేయాలో మొదటిరోజే మాట్లాడుకోండి: యార్డు ధర ఇంత దాటితే మీరు ఇంత పెంచాలి, ఇంతకు పడితే నేను ఇంత తగ్గిస్తాను. ఒక చిన్న కాగితం మీద రాసుకుంటే చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు.

నేరుగా వినియోగదారుకే అమ్మాలనుకునేవారికి 1999 నుంచి రైతుబజార్లు ఉన్నాయి. రైతుబజారు మంచి ఏర్పాటే, ఒక షరతు మీద: మీ ఇంట్లో రోజంతా అక్కడ కూర్చోగలిగిన మనిషి ఉండాలి, మీ పొలంలో రెండు మూడు రకాల కూరలు దఫదఫాలుగా రావాలి. ఒకే పంట, ఒకేసారి రెండు టన్నులు వచ్చేవారికి అది సరిపోదు. మీ సరుకు తీరును బట్టి దారి ఎంచుకోండి, పక్కవాడి లాభాన్ని చూసి కాదు.

4. ఆహారం తయారుచేసి అమ్మేవారికి: ముందు ఒకటే వస్తువు

పచ్చళ్లు, పొడులు, అప్పడాలు, బెల్లం, చిరుధాన్యాల పిండి, పూతరేకులు, ఏదైనా కానివ్వండి. అందరూ పన్నెండు రకాలతో మొదలుపెడతారు. బంధువులు పన్నెండూ బాగున్నాయంటారు. షాపువాడికి పన్నెండు రకాలతో పని లేదు. అతనికి కావలసింది జనవరిలో పెట్టిన గోంగూర రుచే జూన్‌లోనూ ఉండటం, సీసా మూత దగ్గర నూనె కారకపోవడం. చేతి కొలతతో చేసే వంట ఇంట్లో గొప్ప, వ్యాపారంలో గండం. ఉప్పు, కారం, నూనె తూకం వేసి రాసుకోండి. ప్రతి దఫాకూ ఒక నంబరు పెట్టండి, ఆ దఫా నుంచి ఒక సీసా మీ దగ్గరే దాచుకుని నెలనెలా తెరిచి చూడండి. ఎన్ని నెలలు నిల్వ ఉంటుందో అంచనాగా లేబుల్ మీద వేయడం కాక, చూసి వేసినట్టవుతుంది.

లేబుల్ గురించి భయపడేవాళ్లే ఎక్కువ. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం చిన్న తయారీదారుకు రిజిస్ట్రేషన్ చాలు, పెద్దవారికే లైసెన్సు. రెండింటిలోనూ వచ్చేది 14 అంకెల నంబరు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ప్యాకెట్ మీద ఆ నంబరు, వస్తువు పేరు, అందులో వాడినవి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, దఫా నంబరు, గరిష్ఠ ధర, మీ చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు ఉండాలి. పోషక విలువల పట్టిక మీకు వర్తిస్తుందో లేదో రిజిస్ట్రేషన్ సమయంలోనే అడిగి తెలుసుకోండి. ఇవన్నీ అధికారి కోసమే అనుకుంటే భారంగానే ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో కొనుగోళ్లు చూసే ఉద్యోగి మీ సీసా చేతిలోకి తీసుకుని మొదట తిప్పి చూసేది లేబుల్‌నే. రుచి చూడటం ఆ తర్వాత.

ధర దగ్గర జరిగే తప్పు మాత్రం ఎక్కువమందిని ముంచుతుంది. ఇదీ ఊహా లెక్కే: కిలో ఆవకాయ సీసా మీద 320 వేశారు. షాపువాడి వాటా నూటికి 20 అంటే 64. సీసా, లేబుల్, అట్టపెట్టె 28. రవాణా 12. పగిలినవి, తిరిగొచ్చినవి సగటున 16. కాయ, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు 150. ఇప్పటికి మిగిలింది 50 రూపాయలు. మీ కూలీ, తోడు పనిమనిషి కూలీ 35 తీసేస్తే 15. కూలీ కలపని ఇల్లాలు తనకు 50 మిగిలిందనుకుంటుంది, ఆ ధైర్యంతో పండగకు పది రూపాయల తగ్గింపు ఇస్తుంది. ఇంకో తగ్గింపుతో ఆమె లాభమంతా కరిగిపోతుంది. పైగా షాపువాడు డబ్బిచ్చేది నెలన్నర తర్వాత. ఈలోగా రెండో దఫాకు నూనె ఎలా కొంటారు? అదే రోజు డబ్బివ్వడం దళారి పనుల్లో ఒకటని పైన అనుకున్నాం కదా, షాపులకు అమ్మడం మొదలుపెట్టిన క్షణం నుంచి ఆ పని మీ మీద పడుతుంది. దానికి పెట్టుబడి పక్కన పెట్టుకోకుండా ఐదో షాపుకు వెళ్లకండి. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోండి. అలా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది, దాటితే వడ్డీ కూడా ఇవ్వాలి. కోర్టుకు వెళ్తామని బెదిరించడానికి కాదు గానీ, బిల్లు మీద ఉద్యమ్ నంబరు ఉంటే వసూలు మాటకు బరువు వస్తుంది.

ఆన్‌లైన్‌లో పెడితే ఈ బాధలుండవు కదా అంటారు. గాజు సీసాలో నూనె ఉన్న వస్తువును కొరియర్‌లో పంపి చూసినవారికి సంగతి తెలుసు. పొడులు, అప్పడాలు, చిరుధాన్యాల పిండి, పూతరేకుల్లాంటి తేలిక సరుకుకు ఆ దారి నప్పుతుంది. పచ్చడికైతే పౌచ్ ప్యాకింగ్ కుదిరాకే ఆలోచించండి.

5. అప్పుతో ముడిపడిన అమ్మకం

‘ఇవన్నీ నిజమే, కానీ నేను అతని దగ్గరే విత్తనానికి అప్పు తెచ్చాను, అతనికే అమ్మాలి’ అనే రైతుకు ఏం చెప్పాలి? ఈ అధ్యాయం మీద రాగల అభ్యంతరాల్లో బలమైనది ఇదే. దేశంలో కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్లలోపువే. అంత చిన్న సేద్యంలో అప్పు, అమ్మకం ఒకదానితో ఒకటి ముడిపడే ఉంటాయి. ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం ఆ ముడిని విప్పడానికి ప్రయత్నించలేదు. ముడి కొసను వ్యాపారి చేతినుంచి సంఘం చేతికి మార్చింది. అప్పు సంఘమే ఇస్తుంది, ఎరువు, విత్తనం అక్కడే, పంట అమ్మిపెట్టేదీ అదే సంఘం. అప్పు తీరేది అమ్మకంలోంచే గనుక సంఘానికి మంచి ధర తేవడం తన అవసరం కూడా అయింది. ఏడు దశాబ్దాల తర్వాత కూడా అది నిలబడి ఉందంటే కారణం పేరులోనే ఉంది: బ్యాంకూ మార్కెటింగూ అందులో కలిసే ఉన్నాయి.

మీ ఊళ్లో ముల్కనూరు లేకపోవచ్చు. ఒక సీజన్‌లో అంతా మారనూ మారదు. మొదటి అడుగుగా అప్పును రెండు ముక్కలు చేయండి. కిసాన్ క్రెడిట్ కార్డుతోనో, ఇంట్లో ఆడవాళ్ల పొదుపు సంఘం రుణంతోనో కొంత తీర్చి, ‘మిగిలిన బాకీకి తగ్గ సరుకు నీకే ఇస్తాను, పైది నా ఇష్టం’ అని ముందే చెప్పండి. దాగుడుమూతలాడితే ఉన్న పరపతి పోతుంది. నిల్వ ఉండే పంటైతే ఇంకో దారి ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న గోదాములో సరుకు పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు. 2007 చట్టంతో ఈ రసీదులకు చట్టబద్ధత వచ్చింది. చిన్న, సన్నకారు రైతులకు కిసాన్ క్రెడిట్ కార్డుంటే ఆరు నెలల వరకు రాయితీ వడ్డీ కూడా వర్తిస్తుంది. కోతల రోజున అమ్మక తప్పని స్థితి నుంచి బయటపడటానికే దీన్ని వాడండి. ధర పెరుగుతుందన్న జూదానికి వాడకండి. గోదాము అద్దె, వడ్డీ, ఎండి తగ్గే బరువు కలిపి లెక్కవేసి, ఈ ధర వస్తే అమ్మేస్తానని ముందే ఒక అంకె రాసిపెట్టుకోండి.

6. సంఘం, సబ్సిడీ: ఏది ముందు?

పది మంది రైతులు కలిస్తే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చని 2002లోనే చట్టం వచ్చింది. 2020లో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం తెచ్చింది. మైదాన ప్రాంతంలో 300 మంది సభ్యులుంటే మూడేళ్ల నిర్వహణకు 18 లక్షల వరకు సాయం, సభ్యుడికి 2,000 చొప్పున సంఘానికి 15 లక్షలు మించకుండా వాటాధనానికి జోడింపు అందులో ఉన్నాయి. ‘మా పక్క ఊళ్లో పెట్టారు, బోర్డు మాత్రమే మిగిలింది’ అంటారా? అలాంటివి ఉన్నాయి, కాదనను. కానీ అవి ఎందుకు ఆగిపోతాయో గమనించండి. సాయం కోసం 300 మందిని చేర్చి, ఆ తర్వాత ఏం అమ్ముదామని ఆలోచిస్తే జీతాలిచ్చే డబ్బు అయిపోయేసరికి సంఘం అయిపోతుంది. నలుగురు కలిసి ఒక బండి మాట్లాడుకున్న చోట, ఇరవై మంది కలిసి ఒక హాస్టల్‌కు ఏడాది కూరగాయలు పోసిన చోట పుట్టిన సంఘానికి సాయం రాకముందే వ్యాపారం ఉంటుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర ధరణి సహకార సంఘం సభ్యుల వేరుశనగ, కొర్ర, సామలను కొని, శుభ్రం చేసి, తన పేరుతో అమ్ముతోంది. అది చేస్తున్నవి మనం పైన చెప్పుకున్న పనులే.

సూక్ష్మ ఆహార సంస్థల పథకం సంగతీ అంతే. యంత్రం, షెడ్డు ఖర్చులో 35 శాతం, 10 లక్షలు మించకుండా సబ్సిడీ. పొదుపు సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల ప్రారంభ పెట్టుబడి. ఆ పథకం 2020లో మొదలైంది. ప్రస్తుతం ఏయే సాయాలు అందుతున్నాయో జిల్లా కార్యాలయంలో కనుక్కోండి. మంచి సాయమే. అయితే మిగిలిన 65 శాతంలో ఎక్కువ భాగం అప్పేనన్న సంగతి మరవకండి. గంటకు 200 కిలోలు ఆడించే పల్వరైజరు, వారానికి 40 కిలోల కారం అమ్ముకునేవారికి ఎందుకు? ముందు అద్దె మరలో ఆడించండి. అద్దె ఖర్చు నెలవారీ కిస్తీని దాటిన నెలలో దరఖాస్తు పెట్టండి.

‘ఇదంతా రైతే చేసుకోవాలా, ప్రభుత్వం ఏం చేస్తున్నట్టు?’ అని అడగడం న్యాయమే. 2025లో మిర్చి ధర పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలను ఆధారంగా ప్రకటించింది. తోతాపురి మామిడికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపింది. అలాంటివి గట్టిగా అడిగి సాధించుకోవలసిందే. అయితే కనీస మద్దతు ధర పరిధిలో ఉన్న 22 పంటల్లో టమాటా లేదు, మామిడి లేదు, మిర్చి కూడా లేదు. ఆ పంటలవారు గట్టిగా అడుగుతూనే తమ లెక్క తాము రాసుకోవాలి.

7. మిగిలిన సరుకు

దళారి పనుల్లో చివరిది, అన్నిటికన్నా కష్టమైనది ఇది: అమ్ముడుపోనిదాన్ని భరించడం. ఈ ఒక్కటీ అతనికే వదిలేసి మిగతావన్నీ తీసుకుందామనుకుంటే కుదరదు, మంచి సరుకు మీరు వేరే చోట అమ్మి నాసిరకం అతని దగ్గరికి తోలితే అతనూ ఊరుకోడు. అందుకే ప్రతి పంటకూ రెండో గమ్యం ముందే చూసి పెట్టుకోండి. టమాటాకు పచ్చడి, పేస్టు తయారీదారు. మామిడికి తాండ్ర చేసేవాళ్లు. తాలు మిర్చికి దాన్ని విడిగా కొనే వ్యాపారి. వాళ్లు తక్కువే ఇస్తారు, కానీ ఏ స్థితి సరుకును, ఏ ధరకు, ఎన్ని గంటల్లోగా తీసుకుంటారో కోతలకు ముందే అడిగి రాసుకోండి. తయారీదారులైతే షాపు నుంచి సరుకు తిరిగొస్తే దాన్ని ఇంకో షాపులో పెట్టకండి. దఫా నంబరు చూడండి, దాచిన సీసా తెరిచి పోల్చండి, అదే దఫా ఇంకెన్ని షాపుల్లో ఉందో లెక్క తీసి, వాళ్లు ఫోన్ చేయకముందే మీరే ఫోన్ చేసి మార్చి ఇవ్వండి. ఆ ఖర్చు కోసమే ధరలో పదహారు రూపాయలు ముందే కలిపాం.